మావయ్య నానబెట్టిన ఊరు

మా మావయ్యకు ఉన్న అలవాటు ఒక్కటే. చెక్కతో చేసిన వస్తువు ఎక్కడ కనిపించినా దాని అడుగు నుంచి చిటికెన వేలి గోరంత ముక్క కోసుకొచ్చి గ్లాసెడు నీళ్ళలో నానబెడతాడు. ఇంకే దురలవాటూ లేదు. కాఫీ కూడా తాగడు. తాగాలంటే కాసేపు ఒకచోట కూర్చోవాలి, కూర్చోవడం ఆయనకు చేతకాదు.

జేబులో అరచేతిలో దాగిపోయే చిన్న రంపం, ఒక అగ్గిపెట్టె, ఒక వెర్నియరు. ఈ మూడూ లేకుండా ఆయన గడప దాటగా నేను చూడలేదు. రంపం కోయడానికి, అగ్గిపెట్టె ముక్క దాచుకోవడానికి, వెర్నియరు దాని మందం కొలవడానికి. నీళ్ళలో వేసే ముందు ఒకసారి, రెండు గంటలకు ఒకసారి, రోజు గడిచాక మరోసారి కొలుస్తాడు. ఎంత ఉబ్బిందో చూసి "ఊఁ" అంటాడు. ఆ "ఊఁ" మెచ్చుకోలో తిట్టో ముప్పై ఏళ్ళు కాపురం చేసిన మా అత్తయ్యకే అంతుచిక్కలేదు. నీళ్ళు ఎర్రబడ్డాయంటే మాత్రం "ఊఁ" కూడా ఉండదు. పనిముట్ల సంచి భుజాన వేసుకొని, చెప్పకుండా మాయమైపోతాడు.

చుట్టాలందరూ ఆయన్ని గ్లాసు మావయ్య అంటారు. కొత్తవాళ్ళు ఆ పేరు విని ఇంకేదో ఊహించుకొని అత్తయ్య వంక జాలిగా చూస్తారు.

"తాగినా బాగుండేది, కాసేపు ఒక మూల పడి ఉండేవారు" అంటుంది అత్తయ్య.

ఆ ఇంట్లో మంచినీళ్ళు తాగడం గుండె ధైర్యం ఉన్నవాళ్ళ పని. ఫ్రిజ్ మీద గ్లాసు, టీవీ పక్కన గ్లాసు, మంచం కింద గ్లాసు, ప్రతిదానిలో ఎవరిదో ఒకరి బల్లో బీరువానో నానుతూ ఉంటుంది. ఒకసారి మా నాన్న మండుటెండలో వచ్చి, వంటగట్టు మీద ఎర్రగా ఉన్న గ్లాసు చూసి టీ డికాక్షన్ అనుకొని ఒక్క గుక్కలో తాగేశాడు.

"బావా! ఏం చేశావు?" అని మావయ్య పరుగెత్తుకొచ్చాడు.

"ఏముంది, చక్కెర వెయ్యడం మర్చిపోయినట్టున్నారు. కాస్త వగరుగా ఉంది."

"అది సాయంత్రం ఐదింటికి కొలవాల్సిన గ్లాసు!"

"అయ్యబాబోయ్, నాకేమైనా అవుతుందా?"

"నీకేమవుతుంది బావా, బెరడే కదా. ముక్క ఏది?"

ముక్క కూడా నాన్నే మింగేశాడు. మావయ్య సాయంత్రం ఐదు దాకా గదిలో అటూ ఇటూ తిరుగుతూ, మధ్యమధ్య ఆగి మా నాన్న పొట్ట వంక పరీక్షగా చూశాడు. ఐదు కాగానే సంచి తీసుకొని, అన్నం కూడా తినకుండా వెళ్ళిపోయాడు.

అత్తయ్య ఒకసారి ఆయన్ని డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళింది. "ఒక్కచోట నిలవరు డాక్టరుగారూ, కాలు కాలిన పిల్లిలా తిరుగుతూనే ఉంటారు" అని చెప్పుకుంటుంటే డాక్టరు తలవంచుకొని రాసుకున్నాడు. రాసుకొని తలెత్తేసరికి ఎదుటి కుర్చీ ఖాళీ.

"ఎక్కడికి వెళ్ళారమ్మా మీవారు? ఇంతకీ ఎక్కడ ఇబ్బంది?"

"మీ బల్లకు" అంది కింద నుంచి ఒక గొంతు. "ఎడమ కాలు దగ్గర చెమ్మ ఎక్కింది."

ఇంత జరిగినా ఊళ్ళో ఆయన్ని పిలవని ఇల్లు లేదు. పుట్టినరోజైనా, కొత్త ఇంట్లో చేరినా, పిల్లలు పాసైనా మావయ్యకు పిలుపు వచ్చేది. బల్ల అడుగున కోసుకుపోయే మనిషిని పనిగట్టుకొని ఎందుకు పిలుస్తారో మాకెవరికీ బోధపడేది కాదు. అత్తయ్యకైతే తల కొట్టేసినట్టు ఉండేది.

ఇక ఆయన ఉద్యోగం సంగతి చెప్పాలి. నేను ఆయన మేనకోడలినే కాదు, ఆయన పనిచేసే బోర్డుల మిల్లులో పరీక్షల గదిలో ఆయన కింద ఉద్యోగిని కూడా. అంటే రోజంతా ఆయన వెనక పరుగెత్తి "మావయ్యా, ఈ కాగితం మీద సంతకం" అనడం నా పని. ఒక్కోసారి సంతకం కోసం మిల్లు చుట్టూ రెండు ప్రదక్షిణలు చేసేదాన్ని.

చుట్టుపక్కల కోత మిల్లుల్లో దుంగలు కోశాక మిగిలే బెరడు, రంపపు పొట్టు, చెక్కపేళ్ళు లారీల్లో మా దగ్గరకు వస్తాయి. పొట్టును జిగురుతో కలిపి, వేడి ప్రెస్సులో నొక్కితే బోర్డవుతుంది. బెరడు ఎవరికీ అక్కర్లేదు, పొయ్యిలోకి పోతుంది. మావయ్యకు అది చూస్తే కడుపు తరుక్కుపోయేది. ఆ బెరడునే పెద్ద కాగులో ఉడకబెట్టి, వడకట్టి, చిక్కబరిచి, ఎర్రగా తేనెలా జారే జిగురు తీశాడు. చెట్టు పొట్టును చెట్టు జిగురే పట్టుకుంటుందని ఆయన వాదన. గోడలు కట్టే పలకలు కూడా దానితోనే చెయ్యొచ్చునని ఓనరుకు పదకొండేళ్ళుగా చెబుతున్నాడు, అదీ నడుస్తూనే.

మామూలుగా మిల్లులో వాడే జిగురు డబ్బా మూత తీస్తే ఘాటుకు కళ్ళు మండిపోతాయి. దానితో ఎక్కువ బాధపడేది ప్రెస్సు నడిపే ఆవిడ. మేమందరం ప్రెస్సక్క అంటాం. పొద్దున షిఫ్టు ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా ఆమె కళ్ళు ధారగా కారుతూనే ఉంటాయి. కొత్తగా పనిలో చేరిన ప్రతివాళ్ళూ మొదటిరోజు ఆమె దగ్గరకు వెళ్ళి ఓదార్చి వచ్చేవాళ్ళు. "ఏం కష్టమొచ్చిందక్కా?" అంటే "ఎనిమిది గంటల కష్టం, ఐదింటికి పోతుంది" అనేది.

"ఆ ఘాటు జిగురు మానేద్దామండీ" అని మావయ్య అన్నప్పుడల్లా ఓనరుది ఒకటే మాట.

"నీ బెరడు జిగురు నీళ్ళకు ఆగదయ్యా. ఆగుతుందని చూపించు, రేపే మార్చేస్తా."

అలాంటి రోజుల్లో ఒక ఇంజినీరమ్మ వచ్చింది. బడి పిల్లల హాస్టలు కడుతోంది, ఎనభై గదులకు మధ్యగోడల పలకలు కావాలి. మా మామూలు పలకను ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకొని, "ఈ వాసనలో పిల్లల్ని పడుకోబెట్టలేను. బెరడు పలక చేసే ఆయన ఎవరో ఉన్నారట?" అంది. ఆయన అప్పటికే ఆమె కూర్చున్న కుర్చీ కింద ఉన్నాడు.

పందెం ఖాయమైంది. బెరడు జిగురుతో చేసిన పద్దెనిమిది మిల్లీమీటర్ల పలక ముక్క ఒకరోజు పూర్తిగా నీళ్ళలో నానాలి. మందం ఇరవై దాటకపోతే హాస్టలు పలకలన్నీ దానితోనే, మిల్లులో ఘాటు జిగురు బంద్. ఇరవై దాటితే కాగు పాత సామాన్లవాడికి, మావయ్య ఇంటికి. మర్నాడు పొద్దున పది గంటలకు కొలత. ఓనరు బల్ల మీద, ఇంజినీరమ్మ చేత్తోనే గాజు గ్లాసులో ముక్క మునిగింది.

ఆ రోజంతా మావయ్య నడిచిన దూరం కొలిస్తే పక్క ఊరు వచ్చేది. నాకైతే ఆయన లేని పరీక్షల గదిని ఊహించుకుంటే ఏడుపొచ్చింది.

సాయంత్రం ప్రెస్సక్క వచ్చి, "అన్నయ్యా, మా అమ్మాయి పుట్టినరోజు. మీరిద్దరూ రావాల్సిందే" అంది.

"ఇవాళా?" అన్నాను నేను.

"పుట్టినరోజు మనమడిగిన రోజు వస్తుందా?" అంది కళ్ళు తుడుచుకుంటూ.

వెళ్ళాం. మిల్లు వెనక వీధిలో రెండు గదుల ఇల్లు. ఎనిమిదేళ్ళ పిల్ల కేకు వంక, వాళ్ళమ్మ వంక అయోమయంగా చూస్తోంది. మావయ్య కేకు ముట్టలేదు. అందరూ చప్పట్లు కొడుతుంటే గదిలో మంచం పైనున్న పొడవాటి చెక్క అర కింద స్టూలు వేసుకొని "కర్ర్, కర్ర్" మనిపించాడు. అగ్గిపెట్టె జేబులో పడింది. నేను సిగ్గుతో చచ్చాను. ప్రెస్సక్క మాత్రం ఇంకో ముక్క కేకు కోస్తూ, ఏమీ విననట్టే ఉంది.

మర్నాడు నేను వెళ్ళేసరికి ఎనిమిది కూడా కాలేదు. మావయ్య ఓనరు గదిలో కిటికీకీ తలుపుకీ మధ్య తిరుగుతున్నాడు. పరీక్ష గ్లాసును ముట్టుకోకూడదు, కొలవకూడదు, ఆయన చేతులు ఊరుకోవు. చివరికి ఉండబట్టలేక నిన్నటి అగ్గిపెట్టె తీసి, అందులోని ముక్కను పక్కనే ఉన్న ఇంకో గ్లాసు నీళ్ళలో వేశాడు. అది ఓనరు తాగే గ్లాసు.

"మావయ్యా, అది ఓనరుగారిది!"

"ఆయన వచ్చేది తొమ్మిదిన్నరకు కదే. ఈలోపు ఏదో ఒకటి నాననీ. నాకు ఊపిరాడటం లేదు."

తొమ్మిదిన్నరకు ఓనరూ ఇంజినీరమ్మా వచ్చారు. ఓనరు అలవాటుగా గ్లాసు ఎత్తి, నోటి దాకా తీసుకెళ్ళి ఆగిపోయాడు. నీళ్ళు ముదురు టీలా ఉన్నాయి. అడుగున ముక్క విచ్చుకొని, పొరలు పొరలుగా తేలుతోంది.

"చూశారా మేడమ్! కరిగిపోయింది! పదకొండేళ్ళుగా చెబుతున్నాను, ఈ జిగురు నీళ్ళకు ఆగదని!"

నేను నోరు తెరిచేలోపు మావయ్య ఆ గ్లాసు వంక చూశాడు. ముఖం పాలిపోయింది. "అది కాదు, మీ ముక్క పక్క గ్లాసులో ఉంది" అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. సంచి భుజాన వేసుకొని, తలుపు తోసుకొని పరుగందుకున్నాడు.

"పారిపోయాడు! ఓడిపోయి పారిపోయాడు!" అని ఓనరు అరిచాడు.

"మీ ముక్క ఆ గ్లాసులో ఉందండీ, ఇది వేరే!" అని ఇంజినీరమ్మకు చెప్పి నేనూ పరుగెత్తాను. ప్రెస్సుల షెడ్డు దాటుతుంటే ప్రెస్సక్క మమ్మల్ని చూసి, మీట పక్కవాళ్ళకు అప్పగించడం కంటపడింది.

ప్రెస్సక్క ఇంట్లో వాళ్ళ అత్తగారు గుమ్మంలో నోరు తెరుచుకొని నిలబడి ఉంది. లోపల మావయ్య మంచం మీద ఎక్కి, నెత్తితో అరను ఎత్తి పట్టుకొని, రెండు చేతులూ చెరోవైపు ఆనించి నిలబడ్డాడు. ఆయన్ని ఒకేచోట కదలకుండా నిలబడగా చూడటం నాకు అదే మొదలు.

"పిల్ల ఈ మంచం మీదే పడుకుంటుందే" అన్నాడు రొప్పుతూ. "పైన అన్ని డబ్బాలున్నాయి. ఈ అర ఏ క్షణాన్నైనా విరుగుతుంది. సంచిలో మేకులున్నాయి, ఇలా తే."

"పది గంటలకు కొలత మావయ్యా! కాగు పోతుంది, నీ ఉద్యోగం పోతుంది!"

"పోనీ. ఇది ముప్పై ఆరోది."

"ఏమిటి ముప్పై ఆరోది?"

నెత్తి మీద అర ఉన్న మనిషి ఎక్కడికీ తప్పించుకోలేడు. అంతా చెప్పేశాడు.

ఏడేళ్ళ కిందట మొదటిసారి బెరడు జిగురుతో ముప్పై ఆరు పలకలు చేశారు. ఎనిమిది నిమిషాలు వేడి పట్టాల్సినవి, ఐదు నిమిషాలకే ప్రెస్సు తెరుచుకుంది. రెండు గంటల పరీక్షలో బాగానే ఉన్నాయని మావయ్య తొందరపడి వదిలేశాడు. ఓనరు వాటిని గేటు దగ్గర ఊళ్ళోవాళ్ళకు ఇచ్చేశాడు. ఒకరోజు పూర్తిగా నానిన ముక్క చూశాకే అవి చెమ్మకు ఆగవని తెలిసింది. ఇన్నేళ్ళ చెమ్మ ఎక్కాక ఇప్పుడైతే గంటకే విచ్చుకుంటాయి. అప్పటికి పలకలు ఊరంతా అరలైపోయాయి, బల్లలైపోయాయి. సరిగ్గా ఉడకని ఆ జిగురు ఒక్కటే నీళ్ళను అలా ఎర్రబరుస్తుంది.

"అయితే ఏడేళ్ళుగా నువ్వు కోస్తున్నది..."

"ఎవరింట్లో ఉన్నాయో తెలుసుకోవాలిగా. దొరికినదాన్ని తీసేసి మంచి పలక బిగించి వస్తున్నాను."

"ప్రెస్సు ముందే ఎవరు తెరిచారు?"

"కళ్ళనిండా నీళ్ళుంటే మీటరు మీద ఐదూ ఎనిమిదీ ఒకేలా కనిపిస్తాయే" అన్నాడు మెల్లగా. "ఓనరుకు చెబితే ఆమె ఉద్యోగం పోతుంది. ఆమె తప్పు కాదది, ఘాటు జిగురు తప్పు."

"అందుకని ఊరంతా నిన్ను పిచ్చివాడంటుంటే ఊరుకున్నావా?"

"పిచ్చివాడు బల్ల కింద దూరితే ఎందుకని ఎవరూ అడగరు అమ్మాయ్. ఎంత సుఖమో నీకు తెలీదు."

నాకు కోపం వచ్చింది, నవ్వు వచ్చింది, ఆ మనిషిని గట్టిగా పట్టుకొని ఏడవాలనీ అనిపించింది. మూడింటిలో ఏదో తేల్చుకునేలోపు వెనక నుంచి ప్రెస్సక్క గొంతు వినిపించింది.

"అన్నయ్యా, దిగు. మెడ పట్టేస్తుంది. అవన్నీ ఖాళీ డబ్బాలు."

మావయ్య దిగలేదు. ఆమె పక్కనే స్టూలెక్కి డబ్బాలు ఒక్కొక్కటే తీసి, చేత్తో తట్టి చూపించి మంచం మీద పడేసింది. అన్నీ బోలు.

"నీకు తెలుసా?" అన్నాడు మావయ్య.

"మూడోదానికే తెలిసిపోయింది. మా పిన్నింట్లో అర మార్చి వెళ్ళావు. పాత పలక వెనక నేను సుద్దతో పెట్టిన గుర్తు ఉంది."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు చెప్పావా? నాకు తెలియకూడదని అంత అవస్థ పడుతుంటే, తెలుసని చెప్పి నీ మనసు కష్టపెట్టనా?" అని ముక్కు ఎగబీల్చింది. "పలకలు మోసుకెళ్ళినవాళ్ళందరూ నాకు గుర్తే. జాబితా ఇస్తే దొరికిపోతాను. అందుకని ఒక్కొక్కరి కాళ్ళావేళ్ళా పడి నిన్ను పిలిపించాను. లేకపోతే బల్లలు కోసే మనిషిని బుద్ధున్నవాళ్ళెవరైనా పుట్టినరోజులకు పిలుస్తారా?"

మావయ్య ఏడేళ్ళుగా తన మంచితనం చూసే పిలుస్తున్నారనుకున్నాడు పాపం.

"నాది ఆఖరుకు పెట్టుకున్నాను" అంది ఆమె. "ఇవాళ కొలత తేడా వస్తే నిన్ను ఇంటికి పంపేస్తారు. ఆ ఒక్కదాని కోసం ఇంకో ఏడేళ్ళు నిద్ర లేకుండా తిరుగుతావు. అందుకే నిన్న పిలిచాను. మా పిల్ల పుట్టినరోజు మూడు నెలల కిందటే అయిపోయింది."

గోడ మీది గడియారం పదికి ఎనిమిది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. ముగ్గురం పరుగెత్తాం. మావయ్య అరను వదల్లేదు, గోడ నుంచి ఊడబెరికి చంకలో పెట్టుకొని వచ్చాడు.

ఓనరు గదిలో ఇంజినీరమ్మ పరీక్ష గ్లాసుకు కాపలా కూర్చుంది. చేతిలో మావయ్య వదిలేసి వెళ్ళిన వెర్నియరు. ఎర్ర గ్లాసు చూపించి, "ముందు ఇదేమిటో చెప్పండి" అంది.

మావయ్య పైకప్పు వంక చూశాడు. అబద్ధం ఆడటం ఆయనకు కూర్చోవడం కంటే కష్టం. ప్రెస్సక్క ముందుకు వచ్చింది. "నేను తొందరగా ప్రెస్సు తెరిచిన పలక అమ్మా. అప్పుడు నాకు కళ్ళు కనబడలేదు. ఇప్పుడూ సరిగ్గా కనబడటం లేదు" అని మొదలుపెట్టి, ముప్పై ఆరు పలకల కథంతా నాలుగు మాటల్లో చెప్పేసింది. ఓనరు ముఖం గ్లాసులో నీళ్ళ రంగుకు వచ్చింది.

గడియారం పది కొట్టింది. ఇంజినీరమ్మ ముక్కను బయటకు తీసి, గుడ్డతో అద్ది, వెర్నియరు బిగించింది. నీళ్ళు తేటగా ఉన్నాయి. నేను కళ్ళు మూసుకున్నాను.

"పంతొమ్మిదిన్నర."

మావయ్య "ఊఁ" అన్నాడు. అది మెచ్చుకోలు అని నాకు అప్పుడు అర్థమైంది.

"కానీ మేడమ్, ఆ ఎర్రటిది..." అని ఓనరు నసిగాడు.

"తొందరపడితే ఏమవుతుందో అది చెప్పింది, ఓపికపడితే ఏమవుతుందో ఇది చెప్పింది. ఎనభై గదులూ దీనితోనే. ప్రెస్సు దగ్గర ఈవిడే ఉండాలి. ఎనిమిది నిమిషాలంటే ఏమిటో ఈవిడకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు."

"నేనూ సరిగ్గా అదే అనబోతున్నాను" అన్నాడు ఓనరు.

అప్పుడు మావయ్య ఓనరు కుర్చీలో కూలబడ్డాడు. కూర్చున్నాడు! నేను గడియారం చూసి చెబుతున్నాను, పదకొండు నిమిషాలు కూర్చున్నాడు. ఓనరు నిలబడే ఉన్నాడు.

ఘాటు జిగురు డబ్బాలు మిల్లు దాటి వెళ్ళిపోయాయి. ప్రెస్సక్క కళ్ళు ఆరిపోయాయి. ఈ మధ్య చేరినవాళ్ళు, ఆవిడ ఎప్పుడూ కళ్ళు తడి చేసుకోదని, రాతి గుండె మనిషని చెప్పుకుంటున్నారట.

వెతకాల్సిన పలకలు అయిపోయాయి కాబట్టి మావయ్యకు పిలుపులు ఆగిపోతాయని మేమందరం అనుకున్నాం. అలవాటు పడిన జనం, పిలుస్తూనే ఉన్నారు. కొన్ని ఇళ్ళలో ఆయన వస్తున్నాడంటే బల్ల అడుగున ముందే ఒక గ్లాసు నీళ్ళు పెట్టి ఉంచుతున్నారు.

మొన్న హాస్టలు తెరిచిన వారానికి ఇంజినీరమ్మ దగ్గర్నుంచి చిన్న పొట్లం వచ్చింది. విప్పితే అగ్గిపెట్టె. లోపల గోరంత చెక్క ముక్క, ఒక చీటీ: "మా ఆఫీసు బల్లది. నేనే కోశాను. నానబెట్టి చెప్పగలరు. తొందరేమీ లేదు."

"తొందర లేదని రాసిందిగా, కూర్చోండి" అని అత్తయ్య కుర్చీ లాగింది. కుర్చీ లాగేలోపే ముక్క నీళ్ళలో పడింది, మావయ్య వరండాలో తిరుగుతున్నాడు.

సరిగ్గా అప్పుడే మా నాన్న ఎండలో నుంచి వచ్చాడు. బల్ల మీద గ్లాసు చూశాడు. చెయ్యి చాపాడు, ఆగాడు, వంగి లోపలికి తొంగిచూశాడు.

"బావా" అని కేకేశాడు వరండా వైపు. "ఇది ఎవరి బల్ల?"